నియోజకులు లేని నియోజకవర్గం

నియోజకవర్గమనే మాట ఎన్నికల రోజుల్లో పూటకు పదిసార్లు వినబడుతుంది. విన్నప్పుడల్లా మన కళ్ళముందు నిలిచేది ఒక పటం. ఈ వాగు దాకా ఫలానావారిది, వాగు దాటితే మరొకరిది. కానీ మాటను విప్పి చూడండి. నియోజకుడంటే నియోగించేవాడు, తన పనికి ఒకరిని నియమించేవాడు. అట్టివారి సమూహం నియోజకవర్గం. అంటే తెలుగులో అది నేలకు పేరు కాదు, మనుషులకు పేరు. ఈ మాటను మొదట ఎవరు కూర్చారో గానీ, ప్రజాస్వామ్యమంటే ఏమిటో ఎరిగి కూర్చారు.

ఇక్కడ చెప్పబోయే చరిత్ర దీనికి తలకిందులు. 19వ శతాబ్దిలో మన పల్లెసీమల్లో ముందు నేల పుట్టింది, నియోజకులు తరువాత పుట్టారు. సరిహద్దులు గీశారు, బోర్డులు పెట్టారు, పన్ను వేశారు, పేర్లు పెట్టారు. నియమించే హక్కు మాత్రం ముప్పై ఆరేళ్ళకు కొందరికి, అరవై ఎనిమిదేళ్ళకు అందరికీ వచ్చింది.

దీనిని మద్రాసు నుంచి చూస్తే చట్టాల జాబితాగా కనబడుతుంది. అందుకని ఒక ఊరి నుంచి చూద్దాం. చెవిటికల్లు కృష్ణా మెట్టప్రాంతంలో, కంచికచర్లకు చేరువలో, కృష్ణానది ఒడ్డున ఉన్న పల్లె. 2021 ఆగస్టులో వరద ఒక్కసారిగా రావడంతో ఇక్కడి ఇసుక రేవులో వందకు పైగా లారీలు నీటిలో చిక్కుకున్నప్పుడు ఈ ఊరి పేరు పత్రికలకెక్కింది. అంతకుమించి లోకానికి తెలిసిన ఊరు కాదు. మన కథకు అటువంటి ఊరే కావాలి.

*

పూర్వం ఈ ప్రాంతం కొండపల్లి సర్కారులోనిది. 18వ శతాబ్ది చివర నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాలు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుని జమీలో ఉండేవి. బేతవోలు అనే ఊరికి తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టి జగ్గయ్యపేటను చేసినవాడు ఆయనే. 1816లో ఆయన కాలం చేసిన తరువాత దత్తపుత్రుల మధ్య వ్యాజ్యాలు సాగాయి. వ్యాజ్యాలతో పాటు శిస్తు బకాయిలు పెరిగి, 1840వ దశకంలో ఆ జమీ కుంపినీ చేతికి వచ్చింది. జమీందారు పోయి కలెక్టరు వచ్చాడు. రైతుకు దొరవారి కోట బదులు తాసిల్దారు కచేరీ మిగిలింది.

1859లో జిల్లాలను తిరగరాశారు. రాజమండ్రి, మచిలీపట్నం, గుంటూరు అనే మూడు జిల్లాలను చెరిపి గోదావరి, కృష్ణా అనే రెండు జిల్లాలు చేశారు. కొత్త కృష్ణా జిల్లాకు నది నట్టనడుమ ప్రవహించేది. 1904లో గుంటూరు విడిపోయేదాకా చెవిటికల్లు ఒడ్డున నిలబడి చూస్తే ఆవలి ఒడ్డు కూడా సొంత జిల్లాయే. జిల్లా కేంద్రం మాత్రం బందరు. నందిగామ నుంచి బెజవాడ మీదుగా బందరుకు దారి నేటి లెక్కలో సుమారు 120 కిలోమీటర్లు. బెజవాడ ఆనకట్ట 1855 నాటికి పూర్తయి డెల్టాలో మాగాణి విస్తరించింది. ఆనకట్టకు ఎగువనున్న నందిగామ తాలూకాకు ఆ కాలువల నీరు ఎక్కదు. జొన్న, పత్తి వేసుకుని ఆకాశం వంక చూసే మెట్ట రైతుకూ, కాలువ కింద వరి పండించే డెల్టా రైతుకూ జిల్లా ఒక్కటే గానీ అవసరాలు ఒక్కటి కావు. ఈ సంగతి ముందుముందు పనికివస్తుంది.

*

పల్లెలో స్వపరిపాలన ఏ ఆదర్శంతోనో మొదలు కాలేదు. బాటల ఖర్చుతో మొదలైంది. 1866లో మద్రాసు ప్రభుత్వం రోడ్డు సెస్సు చట్టం చేసింది. భూమి కౌలు విలువలో రూపాయికి అర్ధణా చొప్పున వసూలు చేసి జిల్లా రోడ్లకు ఖర్చు పెట్టాలని దాని సారం. 1870 డిసెంబరులో మేయో ప్రభువు తీర్మానంతో విద్య, వైద్యం, రోడ్లు మొదలైన ఖర్చులు కేంద్రం నుంచి రాష్ట్రాల మీదకు దిగాయి. రాష్ట్రం వాటిని జిల్లా మీదకు దించింది. 1871 నాటి లోకల్ ఫండ్ చట్టం సెస్సును రూపాయికి అణా దాకా పెంచే వీలు కల్పించింది. శిస్తుతో పాటే మునసబు దీనినీ వసూలు చేసేవాడు. రైతు లెక్కలో రెండూ ఒకే మూటలోంచి పోయేవి. కానీ శిస్తు సర్కారుది, సెస్సు మాత్రం పేరుకు తనదే. తన బాటకు, తన బడికి, తన ఊరి టీకాలకు.

ఆ డబ్బు ఖర్చుపెట్టే లోకల్ ఫండ్ బోర్డుకు కలెక్టరు అధ్యక్షుడు. సభ్యులందరూ ప్రభుత్వం నియమించినవారు. అదే చట్టం కింద కొన్ని గ్రామాలను కలిపి యూనియన్లు చేసి, బడుల కోసం ఇంటిపన్ను వేయాలని చూశారు. జనం నుంచి వ్యతిరేకత రాగా కొద్ది ఏళ్ళకే విరమించుకున్నారు. అయినా మనం గుర్తించవలసినది ఒకటుంది. పల్లెల మీద రెవెన్యూ గీతలు కాక మరొక రకం గీత గీయడం, "ఈ ఊళ్ళన్నీ కలిసి ఒక పని చేసుకోవాలి" అని ప్రభుత్వం చెప్పడం ఇక్కడ మొదలైంది.

1882 మే 18 నాటి రిపన్ ప్రభువు తీర్మానం ఆ గీతకు ఒక అర్థం ఇవ్వజూసింది. మన పాఠ్యపుస్తకాల్లో రిపన్‌ను స్థానిక స్వపరిపాలనా పితామహుడని ఒక్క వాక్యంతో సాగనంపుతారు. ఆ తీర్మానంలో నాకు ముఖ్యమని తోచినది పరిమాణాన్ని గురించిన మాట. బోర్డు పరిధి చిన్నదిగా ఉండాలని, సబ్ డివిజనో, తాలూకాయో, తహసీలో దానికి పై హద్దు కావాలని ఆయన అన్నాడు. ఎందుకంటే సభ్యునికి ఆ నేల తెలిసి ఉండాలి, ఆ నేల మీది జనానికి సభ్యుడు తెలిసి ఉండాలి. అనధికారులు మూడింట రెండు వంతులకు తగ్గకుండా ఉండాలని, వీలైనచోట ఎన్నిక జరగాలని, అధ్యక్షులుగా కూడా వీలైనచోట అనధికారులే ఉండాలని కోరాడు. పని బాగా జరుగుతుందని కాదు, మొదట్లో అధికారులు చేసినంత బాగా జరగకపోవచ్చని ఆయనకు తెలుసు. ప్రజలకు రాజకీయ శిక్షణ కలుగుతుందని ఆయన ఆశ. అంటే నియోజకవర్గాన్ని ఒక పాఠశాలగా ఊహించాడు.

*

ఆ ఊహ మద్రాసు చేరి చట్టమయ్యేసరికి ఏమైందో చూడండి. గ్రాంట్ డఫ్ గవర్నరుగా ఉండగా 1884లో మద్రాసు లోకల్ బోర్డుల చట్టం వచ్చింది. అది మూడంతస్తుల మేడ. పైన జిల్లా బోర్డు, నడుమ తాలూకా బోర్డు, కింద కొన్ని పెద్ద ఊళ్ళలో యూనియన్ పంచాయతీ. జిల్లా బోర్డుకు కలెక్టరు, తాలూకా బోర్డుకు డివిజనల్ అధికారి అధ్యక్షులు. యూనియన్ పంచాయతీలో సభ్యులు అయిదుగురికి తక్కువ కాకూడదు. వారిలో గ్రామ మునసబులు హోదా రీత్యా సభ్యులు.

తాలూకా బోర్డు అన్నది పేరుకే. దాని పరిధి తాలూకా కాదు, రెవెన్యూ డివిజను. రిపన్ పై హద్దుగా చెప్పినదే మద్రాసులో సాధారణ కొలత అయింది. ఎందుకంటే డివిజనుకు ఒక అధికారి ఉన్నాడు, ఆయనకు కచేరీ ఉంది, మకాం వేసే డేరాలున్నాయి. ఎవరు ఎవరికి తెలుసునన్నది కొలత కాలేదు, ఏ దొర గుర్రం ఎంతదూరం తిరుగుతుందన్నది కొలత అయింది. 20వ శతాబ్ది తొలినాళ్ళలో నందిగామ తాలూకా బెజవాడ డివిజనులో ఉండేది. నదిలో ఆనకట్ట కట్టిన బెజవాడా, ఆ నీరు ఎక్కని నందిగామా ఒక్క గీతలో పడ్డాయి.

ఈ గీతల వింత తెలియాలంటే మునగాలను చూడాలి. మునగాల పరగణా నందిగామ తాలూకాలోనిది, కృష్ణా జిల్లాలోనిది. కానీ దాని చుట్టూ నిజాం రాజ్యం. సముద్రంలో దీవి వలె బ్రిటిషు నేల ముక్క ఒకటి నిజాము గడ్డ మధ్య ఉండేది. ఆ పరగణా మనిషి తన తాలూకా కచేరీకి రావాలంటే పరరాజ్యం దాటి రావాలి. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయం వెలియడానికి తోడ్పడిన నాయని వేంకట రంగారావు ఈ మునగాల జమీందారే. చరిత్ర ఇచ్చిన గీతను ఎవరూ సరిదిద్దలేదు, దాని మీదే కొత్త బోర్డుల గీతను దిద్దారు. తరువాత చాలాకాలానికి ఆ పరగణా నల్గొండ జిల్లాలో కలిసింది. నేడు సూర్యాపేట జిల్లాలో ఉంది.

మరి ఎన్నిక? చట్టంలో వీలు ఉంది. పన్ను చెల్లించేవారు, నివాసులు తాలూకా బోర్డు సభ్యులను ఎన్నుకోవచ్చు, అయితే ప్రభుత్వం అనుమతించినచోట. ఆ అనుమతి పల్లెలకు సులువుగా రాలేదు. సాధారణంగా నియామకమే నడిచింది. తాలూకా బోర్డుల్లో నియమితులైనవారు తమలోంచి కొందరిని జిల్లా బోర్డుకు ఎన్నుకునేవారు. ఎన్నిక అనే మాట మొదట వచ్చినది ఆ పై అంతస్తులో, కింది అంతస్తులో కాదు. పునాది లేకుండా మొదటి అంతస్తు కట్టినట్లు.

పట్టణాల సంగతి వేరు. బందరు, ఏలూరు, గుంటూరు 1866లోనే పురపాలక సంఘాలయ్యాయి. బెజవాడ 1888లో అయింది. 1884 నాటి పురపాలక చట్టం కౌన్సిలర్లలో ముప్పాతిక మంది దాకా ఎన్నికయ్యే వీలు ఇచ్చింది. పన్ను కట్టే బందరు కోమటికి, వకీలుకు తన పేటనుంచి ఎవరో ఒకరిని పంపే అవకాశం ఆ శతాబ్దిలోనే కలిగింది. రూపాయికి అణా సెస్సు కట్టే చెవిటికల్లు రైతుకు కలగలేదు. పల్లెవాడు తన మంచిచెడ్డలు తాను తేల్చుకోలేడన్న నమ్మకం దీని వెనుక ఉంది. ఊరి చావడిలో తగవులు తీర్చుకుని, చెరువు నీటిని వంతులు వేసుకుని, పుట్టివాటాలు పంచుకుని బతికే మనుషుల గురించి ఆ నమ్మకం.

*

1892లో మరొక మెట్టు వచ్చింది. ఆ ఏటి ఇండియన్ కౌన్సిళ్ళ చట్టం మద్రాసు శాసనసభలో అదనపు సభ్యుల సంఖ్యను ఇరవై దాకా పెంచనిచ్చింది. ఆ చట్టంలో ఎన్నిక అనే మాట బుద్ధిపూర్వకంగా రానీయలేదు. కొన్ని సంస్థలు పేరును "సిఫారసు" చేస్తాయి, గవర్నరు "నియమిస్తాడు". జిల్లా బోర్డులను గుంపులుగా చేర్చి, గుంపుకు ఒక సిఫారసు చొప్పున ఇచ్చారు. మద్రాసు రాజధానిలో శాసనసభకు ఏర్పడిన గ్రామీణ నియోజకవర్గమంటూ ఉంటే 19వ శతాబ్దిలో ఇదే. కొన్ని జిల్లాల పొడవున్న, లక్షల జనమున్న నియోజకవర్గం. దాని ఓటర్లను ఒక గదిలో కూర్చోబెట్టవచ్చు.

1893లో ఉత్తర సర్కారు జిల్లాల తరఫున రాజమండ్రి న్యాయవాది న్యాపతి సుబ్బారావు పంతులు శాసనసభకు వెళ్ళారు. మద్రాసులో విద్యార్థిగా ఉన్నప్పుడు ది హిందూ పత్రికను మొదలుపెట్టిన ఆరుగురిలో ఆయన ఒకరు. ఆయన యోగ్యతను శంకించవలసిన పని లేదు. ప్రశ్న ఆయన గురించి కాదు, ఆయనను పంపిన దారి గురించి. ఆ దారిని కింది నుంచి నడిచి చూడండి. ప్రభుత్వం తాలూకా బోర్డు సభ్యుణ్ణి నియమిస్తుంది. ఆయన జిల్లా బోర్డు సభ్యుణ్ణి ఎన్నుకుంటాడు. జిల్లా బోర్డుల గుంపు ఒక పేరు సిఫారసు చేస్తుంది. ఆ పేరును గవర్నరు నియమిస్తాడు. గవర్నరు చేతిలో మొదలైన దారం గవర్నరు చేతికే చేరింది. చెవిటికల్లు ఆ దారం వెళ్ళిన నేల మీద ఉంది గానీ, ఆ దారాన్ని ముట్టుకున్న చెయ్యి ఒక్కటీ చెవిటికల్లులో లేదు.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆ ఏర్పాటు వల్ల ఏమీ జరగలేదనడం తప్పు. బాటలు పడ్డాయి, బావులు తవ్వారు, సత్రాలు నిలిచాయి, బళ్ళు పెరిగాయి, టీకాలు వేశారు. రేవుల పాటలు, బందెలదొడ్ల రాబడి బోర్డు ఖాతాలో పడి అంతో ఇంతో తిరిగి వచ్చేవి. మరొక మేలు కూడా జరిగింది. ఖాళీ పాత్రను ముందుంచితే దానిలో ఏమి పోయాలన్న ఆలోచన పుడుతుంది. 1892లో గుంటూరులో కృష్ణా జిల్లా సభ జరిగింది. 1902లో బందరులో కృష్ణాపత్రిక పుట్టింది. జిల్లా అనే గీత సర్కారుది. ఆ గీత లోపలివారు "మేము కృష్ణా జిల్లావారం" అని తమంతట తాము కూడి మాట్లాడడం కొత్తది. రిపన్ కోరిన శిక్షణ బోర్డు గదుల్లో కన్న ఈ సభల్లోనే ఎక్కువ జరిగిందని నా అభిప్రాయం.

*

నియోజకులు చివరికి వచ్చారు. 1919 చట్టం కింద 1920 నవంబరు చివర మద్రాసు శాసనమండలికి ఎన్నికలు జరిగాయి. గ్రామీణ నియోజకవర్గాల్లో ఏటా పది రూపాయల కౌలు విలువ గల భూమి ఉన్నవానికి ఓటు. నాలుగు కోట్ల జనమున్న రాజధానిలో ఓటర్లు సుమారు 12 లక్షల 48 వేలు. జాబితా ఎలా తయారైంది? కరణం లెక్కల్లోంచి. శిస్తు కట్టించుకోవడానికి రాసిన పట్టా పేర్లే ఓటరు పేర్లు అయ్యాయి. మొదట పన్ను కోసం నేల మీద గీసిన గీత, పిమ్మట అదే పన్ను కోసం మనుషుల మధ్య గీసిన గీత. పట్టా ఉన్న ఆసామి గీతకు లోపల. అతని చేలో కలుపు తీసే మాల, మాదిగ కుటుంబాలు గీతకు వెలుపల. స్త్రీలకు ఆ మొదటి ఎన్నికలో ఓటు లేదు, 1921లో మద్రాసు శాసనమండలి తీర్మానం చేశాక వచ్చింది. అదీ ఆస్తి ఉన్నవారికే.

విచిత్రమేమిటంటే, హక్కు చేతికందిన ఆ నవంబరులోనే దాన్ని వాడవద్దని కాంగ్రెసు పిలుపునిచ్చింది. సహాయ నిరాకరణంలో శాసనసభల బహిష్కారం ఒక భాగం. ఇన్నేళ్ళు ఓటు లేక నోరు లేనివానికి, ఓటు వేయకపోవడం కూడా ఒక మాటే అని తొలిసారి తెలిసింది. నియోగించేవాడికే నిరాకరించే హక్కు ఉంటుంది. నియమితుల యుగంలో ఆ వెసులుబాటు కూడా లేదు.

అందరికీ ఓటు 1952 జనవరిలో వచ్చింది. 21 ఏళ్ళు నిండిన ప్రతివారూ, పట్టా ఉన్నా లేకున్నా, ఆడా మగా. మాటకు సరిపడే నియోజకవర్గం చెవిటికల్లుకు ఆనాడు ఏర్పడింది.

కథ ఇక్కడ సుఖాంతం చేయడానికి మనసొప్పదు. చెవిటికల్లు పక్కనే ఉన్న కంచికచర్లలో 1968లో కోటేశు అనే దళిత యువకుణ్ణి దొంగతనం మోపి సజీవంగా దహనం చేశారు. జాబితాలో పేరెక్కించడం వేరు, ఊళ్ళో మనిషిగా ఎంచడం వేరు. మొదటిది చట్టం ఒక్కరోజులో చేయగలదు. రెండవది చేయలేదు. అయినా మొదటిది లేకుండా రెండవదాన్ని అడిగే దారి కూడా లేదు. ఇదే కంచికచర్ల మండలం నేడు నందిగామ శాసనసభ స్థానంలో ఉంది. 2008 పునర్విభజన తరువాత ఆ స్థానం షెడ్యూలు కులాలకు రిజర్వు అయింది. 1920 జాబితాకు వెలుపల నిలిచినవారి మనుమలు ఇప్పుడు జాబితాలో ఉండడమే కాదు, శాసనసభకు నిలబడేదీ వారే.

గీతలు మాత్రం మారుతూనే ఉన్నాయి. తాలూకా బోర్డులు 1934లో పోయాయి. 1959లో సమితులు వచ్చాయి, 1985లో మండలాలు వచ్చాయి. 1994 పంచాయతీరాజ్ చట్టంతో మండల ప్రాదేశిక నియోజకవర్గాలు ఏర్పడ్డాయి. రిపన్ కోరిన చిన్న పరిధి, ఒకరికొకరు తెలిసినంత పరిధి, సుమారు నూట పన్నెండేళ్ళకు పల్లెకు దక్కిందన్నమాట. 2022 ఏప్రిల్‌లో ఎన్టీఆర్ జిల్లా ఏర్పడినప్పుడు నందిగామ తానే ఒక రెవెన్యూ డివిజను అయింది. బెజవాడ డివిజనుకు తోకగా ఉన్నచోట ఇప్పుడు సొంత కచేరీ ఉంది.

ఆ కొత్త గీతలను ఎవరు గీశారు, గీసే ముందు ఎవరిని అడిగారు అన్న ప్రశ్న మాత్రం 1884 నాటిదే. ఓటు వేయడానికి మనం వెళ్తాం. ఎవరితో కలిసి వేయాలో, మెట్టను డెల్టాతో కలపాలో విడదీయాలో, ఇప్పటికీ మరెక్కడో నిర్ణయమవుతుంది. అభ్యంతరాలు తెలపవచ్చని ఒక ప్రకటన వస్తుంది, దాన్ని చదివేవారు తక్కువ. నియోజకవర్గం మనుషుల పేరని గుర్తుంటే ఆ ప్రకటనను ఈసారి కాస్త శ్రద్ధగా చదువుతాము.

మీ ఊరు 1884 తరువాత ఏ యూనియన్‌లో ఉండేదో, మీ తాతముత్తాతల్లో ఎవరి పేరు 1920 జాబితాలో ఉందో, ఎవరి పేరు లేదో, ఇంట్లో పెద్దవారు ఉంటే అడిగి చూడండి. చాలా ఇళ్ళలో లేదనే జవాబు వస్తుంది. అదే మన చరిత్ర.